రష్యా చమురు లాభం ఒకరికి, అమెరికా సుంకం దెబ్బ ఇంకొకరికి: ఇది న్యాయమేనా?

ఉండి మాస్టారు
11 సెప్టెంబర్ 2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా అబ్బాయితో కలిసి పశ్చిమ గోదావరి జిల్లాలోని ఉండి ఊరి దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటున్నాను. అన్నీ సొంతం కాదు, సగం పైన కౌలుకు తీసుకున్నవే. కొన్నాళ్ళుగా ఒక ప్రశ్న నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఇక్కడ దేశాలు తిరిగినవాళ్ళూ, లెక్కలు తెలిసినవాళ్ళూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయింది. అందులో సగం, అంటే 25 శాతం, మనం రష్యా చమురు కొంటున్నందుకు వేసిందేనని వాళ్ళ ఉత్తర్వులోనే రాశారు. మరీ చవగ్గా అమ్ముతున్నామని రొయ్య మీద ఇరవై ఏళ్ళుగా వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం, మన సబ్సిడీలకు విరుగుడుగా నిరుడు వేసిన 5.77 శాతం కౌంటర్‌వైలింగ్ సుంకం కూడా కలుపుకుంటే మొత్తం 58 శాతం దాటింది. మనతో పోటీపడే ఈక్వడార్ మీద మామూలు సుంకం 15 శాతం. ఇండోనేషియా, థాయిలాండ్ మీద 19. అమెరికా వాడు దిగుమతి చేసుకునే రొయ్యల్లో మూడో వంతుకు పైగా మన దేశానివి. వాటిలో ఎక్కువ భాగం మన కోస్తా చెరువుల్లో పెరిగినవి. 30 కౌంటు, 40 కౌంటు (కిలోకు 30, 40 తూగే) పెద్ద రొయ్య అయితే అసలు అమెరికా కోసమే పెంచుతాం.

ఇక చమురు సంగతి. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తక ముందు మనం కొనే ముడిచమురులో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు. తర్వాత అది మూడో వంతు దాటింది. చవగ్గా ఇచ్చారు, కొన్నాం. ఆ చవక ఎక్కడికి పోయింది? మా గట్టు మీద జనరేటర్ ఉంది. రాత్రిపూట కరెంటు పోతే వెంటనే ఏరేటర్లు తిరగాలి. తిరక్కపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్యలు గట్టు వారకు వచ్చి తేలతాయి. నాలుగు నెలల పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది. అందుకని షెడ్డులో డీజిల్ డబ్బాలు ఎప్పుడూ నింపే ఉంచుతాం. ఆ డీజిల్ లీటరు ఇప్పుడూ 97 రూపాయల పైనే ఉంది. 2022 మేలో కేంద్రం ఎక్సైజు తగ్గించాక, 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గడం తప్ప ఆ రేటు కదిలింది లేదు.

అంటే చవక చమురు మా జనరేటర్ దాకా రాలేదు. దాని శిక్ష మాత్రం చెరువులో మేత, రొయ్య చూసుకునే మా చెక్‌ట్రే దాకా వచ్చేసింది. రష్యా దగ్గర కొనడం దేశానికి మంచిదే అనుకుందాం. దేశం కోసం తీసుకున్న నిర్ణయానికి కట్టాల్సిన ధర పశ్చిమ గోదావరి, కృష్ణా, నెల్లూరు రైతులూ, తిరుప్పూరు బనియన్ల కార్మికులూ, సూరత్‌లో వజ్రాలు సానబెట్టేవాళ్ళే కట్టాలా?

---

బాగ్‌లింగంపల్లి రామ్మోహన్
11 సెప్టెంబర్ 2025, రాత్రి 10:35

మాస్టారూ, మీ బాధ అర్థమైంది. అయితే కోపం ఎవరి మీద చూపాలో వాళ్ళ మీదే చూపాలి. ముందు అమెరికా చేసింది మాట్లాడుకుందాం.

నేను బ్యాంకులో చేసి రిటైరైన వాణ్ణి. నా చిన్నప్పుడు అమెరికా సాయంగా పంపే పీఎల్ 480 గోధుమల కోసం చౌకధరల దుకాణం ముందు మా అమ్మతో పాటు నిలబడ్డాను. 1965, 66లో వరసగా కరువులు. ఆ సమయంలో అధ్యక్షుడు జాన్సన్ గోధుమల ఓడలను ఒక్కసారిగా వదలకుండా విడతలు విడతలుగా బిగించి వదిలాడు. వియత్నాం యుద్ధం మీద మనం చేసిన విమర్శ ఆయనకు గిట్టలేదు. తిండిగింజలు గుప్పిట్లో పెట్టుకుని మన నోరు మూయించాలని చూశారు. హరిత విప్లవం వెనక ఉన్న పట్టుదలలో సగం ఆ అవమానం నుంచే పుట్టిందని నా నమ్మకం.

1971 బంగ్లాదేశ్ యుద్ధం సంగతి మీరు పిల్లలకు చెప్పే ఉంటారు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం. డిసెంబర్‌లో భద్రతా మండలిలో మనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్మానాలను సోవియట్లు వీటో చేశారు. అదే డిసెంబర్‌లో అమెరికా ఎంటర్‌ప్రైజ్ నౌకను బంగాళాఖాతానికి పంపింది. ఇవి మరిచిపోయే విషయాలా?

ఇప్పటి మాటకొస్తే, రష్యా చమురు మనకంటే చైనా ఎక్కువ కొంటుంది. చైనా మీద ఈ శిక్ష లేదు. ఐరోపా ఈరోజుకీ రష్యా గ్యాసు ఓడల్లో దింపుకుంటోంది. పైగా రష్యా చమురును ధరల పరిమితికి లోబడి ఎవరో ఒకరు కొనాలనే తాము కోరుకున్నామని ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న గార్సెట్టి 2024లో బహిరంగంగా అన్నారు. ఇప్పుడు వైట్‌హౌస్ సలహాదారు నవారో ఉక్రెయిన్ యుద్ధాన్ని మోదీ యుద్ధం అంటున్నాడు. ఇలాంటి మాటలకు ఒకసారి తలొగ్గితే రేపు ఇంకోదానికి వంచుతారు. ఎవరి దగ్గర ఏం కొనాలో మనమే నిర్ణయించుకోవాలి. ఆ హక్కు ఖరీదైనదే, అయినా వదులుకోకూడదు.

---

ఉండి మాస్టారు
11 సెప్టెంబర్ 2025, రాత్రి 11:02

రామ్మోహన్ గారూ, మీరు రాసినదాంట్లో నేను కాదనేది ఏమీ లేదు. తలొగ్గమని నేను అడగలేదు. ఆ హక్కు ఖరీదైనదని మీరే అన్నారు. ఆ ఖరీదు ఎవరి సంచిలోంచి తీస్తున్నారన్నదే నా ప్రశ్న.

---

విశాఖ శ్రీధర్
12 సెప్టెంబర్ 2025, ఉదయం 7:20

రిఫైనరీలో ఇంజనీరుగా చేశాను కాబట్టి మాస్టారి చమురు ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను.

2022లో యుద్ధం మొదలవగానే బ్యారెల్ ధర మార్చిలో ఒక దశలో 130 డాలర్లు దాటింది. అప్పుడు బంకుల్లో రేట్లు కొన్నాళ్ళు పెరిగి, ఏప్రిల్ నుంచి ఆగిపోయాయి. ఆ తేడా మూడు ప్రభుత్వ కంపెనీలు భరించాయి. 2022 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు మూడూ నష్టాలే చూపించాయి. అంటే మొదట్లో జనానికి కొంత రక్షణ దొరికింది, ఇది ఒప్పుకోవాలి.

తర్వాత పరిస్థితి తిరగబడింది. ముడిచమురు తగ్గింది, రష్యా తగ్గింపు కలిసొచ్చింది, బంకు రేటు మాత్రం అక్కడే ఉండిపోయింది. 2023-24లో ఆ మూడు కంపెనీల లాభం కలిపి 80 వేల కోట్ల పైన. ప్రైవేటు రంగంలో జామ్‌నగర్, వాడినార్ రిఫైనరీలు రష్యా చమురు పెద్ద ఎత్తున కొని శుద్ధి చేసి, డీజిల్‌ను ఐరోపాతో సహా బయటి దేశాలకు అమ్మాయి. వాడినార్ రిఫైనరీ కంపెనీలో 49 శాతం వాటా రష్యా ప్రభుత్వ సంస్థ రాస్‌నెఫ్ట్‌దే. ఎగుమతుల మీద 2022 జులైలో విండ్‌ఫాల్ పన్ను (అనుకోకుండా వచ్చిన అధిక లాభం మీద పన్ను) వేశారు, 2024 డిసెంబర్‌లో ఎత్తేశారు.

పన్నులు కూడా చూడండి. ఈ ఏడాది ఏప్రిల్‌లో ముడిచమురు బాగా తగ్గినప్పుడు కేంద్రం లీటరుకు రెండు రూపాయల ఎక్సైజు పెంచింది. బంకు రేటు మారలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు, తగ్గాల్సింది తగ్గలేదంతే. మన రాష్ట్రం డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు తీసుకుంటోంది. కాబట్టి మాస్టారూ, చవక మీ జనరేటర్ దాకా రాకుండా దారిలో ఆగిన చోట్లు ఇవి: కంపెనీలు, కేంద్రం, రాష్ట్రం.

ఒక్క మాట. రష్యా తగ్గింపు 2022, 23లో ఉన్నంత పెద్దది ఇప్పుడు లేదు. బ్యారెల్‌కు కొద్ది డాలర్లకు వచ్చేసింది. మనం నష్టపోతున్నది మాత్రం పాత తగ్గింపు ఉన్నప్పటికంటే ఎక్కువ. ఈ లెక్కను ఢిల్లీలో ఎవరో ఒకరు కూర్చుని వెయ్యాలి.

---

ప్రణీత_ఖమ్మం
12 సెప్టెంబర్ 2025, సాయంత్రం 6:48

పెద్దవాళ్ళందరికీ నమస్తే. నిన్నటి నుంచి చదువుతున్నాను. రాయకుండా ఉండలేకపోతున్నాను. ఇంతమంది ఇంత రాశారు, ఉక్రెయిన్‌లో మనుషులుంటారన్న మాట ఒక్కరూ అనలేదు. అమెరికా, రష్యా, మనం. ఆ దేశం మధ్యలో బ్యారెల్ ధరగా మాత్రమే కనిపిస్తోంది.

నేను ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివాను. 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున హాస్టల్ కిటికీలు అదిరితే లేచాం. ఆ రోజు నుంచి నౌకోవా మెట్రో స్టేషన్‌లో ఉన్నాం. రైళ్ళు ఆపేసి, తలుపులు తెరిచి ఉంచారు. సీట్ల మీద చిన్నపిల్లల్ని పడుకోబెట్టారు. మిగిలినవాళ్ళం ప్లాట్‌ఫామ్ రాయి మీద కోట్లు పరుచుకున్నాం. గోడకు ఒకే ఒక్క కరెంటు ప్లగ్గు ఉంది, దాని దగ్గర ఫోన్ల కోసం వరస. మా పక్కన ఒక మామ్మగారు మనవడితో వచ్చారు. ఇంట్లో పెట్టుకున్న ఊరబెట్టిన దోసకాయల సీసా తెచ్చుకుని, రోజూ మాకు తలా ఒక ముక్క పంచేవారు. మా దగ్గర ఉన్న బిస్కెట్లు ఆ పిల్లాడికి ఇచ్చేవాళ్ళం. ఆవిడ మాట్లాడేది రష్యన్. ఖార్కివ్‌లో చాలామంది ఇంట్లో రష్యనే మాట్లాడతారు. రష్యన్ మాట్లాడేవాళ్ళను కాపాడటానికే వచ్చామన్నవాళ్ళ బాంబులు ఆవిడ ఇంటి మీద పడ్డాయి.

మార్చి 1న ఫ్రీడమ్ స్క్వేర్‌లో ప్రభుత్వ భవనం మీద క్షిపణి పడింది. అదే రోజు సరుకుల కోసం బయటికి వెళ్ళిన కర్ణాటక విద్యార్థి చనిపోయాడు. మార్చి 2న మన ఎంబసీ వెంటనే నగరం వదిలి పిసోచిన్‌కు, బాబాయికి నడిచైనా వెళ్ళమంది. మంచులో సూట్‌కేసులు రోడ్డు పక్కన పారేసి నడిచాం. అదే రోజు న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ జరిగింది. రష్యా సేనలు వెనక్కి పోవాలని 141 దేశాలు, వద్దని 5 దేశాలు. తటస్థంగా ఉన్న 35లో మనం ఒకరం.

ఆ రోజు తటస్థంగా ఉండటాన్ని నేను తప్పు పట్టను. వేలమంది పిల్లలం అక్కడ ఇరుక్కుని ఉన్నాం, రెండు వైపులా మాట్లాడగలగాలి. మమ్మల్ని ఇంటికి తెచ్చిన ఆపరేషన్ గంగ విమానం ఎక్కిన ఒక్కొక్కరికీ ఆ సంగతి తెలుసు. ఆ రుణం మర్చిపోను. కానీ మేమందరం ఇంటికొచ్చేసి మూడేళ్ళు దాటింది. ఒక దేశం ఇంకో దేశాన్ని ఆక్రమించడం తప్పు అని దాడి చేసినవాళ్ళ పేరు పెట్టి చెప్పడానికి ఇప్పుడేమిటి అడ్డం? 2024 జులై 8న మన ప్రధాని మాస్కోలో దిగిన రోజే కీవ్‌లో ఓఖ్మత్‌దిత్ పిల్లల ఆసుపత్రి మీద క్షిపణి దాడి జరిగింది. నేను పిల్లల వార్డులో డ్యూటీలో ఉండి ఆ వార్త చూశాను. డయాలిసిస్ మీద ఉన్న పిల్లల్ని రోడ్డు మీదికి తెచ్చి కూర్చోబెట్టారు.

రొయ్య రైతు నష్టం నిజం. దాన్ని తీర్చాలి. అలాగే ఆ చమురు డబ్బులో కొంత ఆ క్షిపణులకు పోతోందన్నది కూడా నిజం. ఒకటి చెప్పి ఒకటి వదిలేయొద్దని నా మనవి.

---

బాగ్‌లింగంపల్లి రామ్మోహన్
12 సెప్టెంబర్ 2025, రాత్రి 9:15

అమ్మా ప్రణీతా, నువ్వు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నువ్వు క్షేమంగా వచ్చినందుకు సంతోషం.

అయినా నా అభిప్రాయం చెప్పాలి. ఈ యుద్ధం 2022లో ఊడిపడలేదు. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్‌లో నాటో సమావేశం జరిగింది. ఉక్రెయిన్, జార్జియా ఎప్పటికైనా సభ్యులవుతాయని ప్రకటించారు. జర్మనీ, ఫ్రాన్స్ అప్పుడే వద్దన్నాయి. ఎప్పుడో చెప్పలేదు, రక్షణ ఇవ్వలేదు, రష్యాకు మాత్రం కోపం తెప్పించారు. ఇరాక్ మీద 2003లో అబద్ధపు కారణంతో దాడి చేసినవాళ్ళ మీద ఎవరు ఆంక్షలు పెట్టారు? అప్పుడు వాళ్ళ చమురు, వాళ్ళ డాలరు ఎవరూ మానలేదు. ధర్మం చెప్పేవాళ్ళకు ముందు ధర్మం ఉండాలని నా బాధ.

---

ప్రణీత_ఖమ్మం
12 సెప్టెంబర్ 2025, రాత్రి 10:04

అంకుల్, ఇరాక్ తప్పే. అందుకే ఇదీ తప్పు అంటున్నాను. ఒకడు చేసిన తప్పు ఇంకొకడికి అనుమతి పత్రం అవుతుందా?

నాటో గురించి చెప్పారు కాబట్టి బుడాపెస్ట్ గురించి కూడా చెప్పాలి. సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు ప్రపంచంలో మూడో పెద్ద అణ్వాయుధాల నిల్వ ఉక్రెయిన్ గడ్డ మీద ఉంది. 1994 డిసెంబర్ 5న ఆ ఆయుధాలు వదులుకుంటామని వాళ్ళు సంతకం పెట్టారు. బదులుగా సరిహద్దులు గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ మాటిచ్చాయి. ఇరవై ఏళ్ళు తిరగకుండానే, 2014 మార్చిలో, క్రిమియాను రష్యా లాక్కుంది. అప్పటికి వాళ్ళు నాటోలో లేరు, తటస్థంగా ఉంటామని 2010లో చట్టం చేసుకుని కూడా ఉన్నారు. మా ప్రొఫెసర్ ఒకరు దీని గురించి మాట్లాడేటప్పుడు గొంతు పెంచేవారు కాదు, తేదీలు మాత్రం చెప్పేవారు.

---

జగిత్యాల అంజన్న
13 సెప్టెంబర్ 2025, మధ్యాహ్నం 2:30

నేను కువైట్ల ఉంటున్న. డ్రైవర్ పని. మీ అందరి ముచ్చట సదివిన. చెల్లె చెప్పింది నిజం, మాస్టారు చెప్పింది నిజం. నాదొక్క మాట.

యుద్ధం ఎక్కడైన గని ముందుగల పోయేది మాసొంటోళ్ళే. 1990ల సద్దాం కువైట్ మీద వడ్డప్పుడు మా మామ ఈడనే ఉండె. చేతిల పైస లేకుండ ఎడారి మీదికెళ్లి జోర్డాన్ పోయిండు. అమ్మాన్ల గుడారం కింద ఉండి, మన విమానం ఎక్కి ఇంటికచ్చిండు. లక్షా డెబ్బై వేల మందిని గట్ల తెచ్చిండ్రు అప్పుడు. మామ మళ్ళ కువైట్ పేరెత్తలే. అప్పు మాత్రం పదేండ్లు కట్టిండు.

మొన్న జూన్ల ఇరాన్ ఖతార్ల అమెరికా స్థావరం మీద క్షిపణులు ఏసినప్పుడు ఈడ ఆకాశం బంద్ వెట్టిండ్రు. మా రూంల ఒక తమ్ముని పెండ్లి ఉండె, టికెట్ పట్టుకొని ఎయిర్‌పోర్టుల కూసున్నడు. ఈ నెల 9 నాడు ఇజ్రాయెల్ దోహా మీద బాంబులేసింది. మా ఊరోళ్ళు ఆడ శానమంది ఉన్నరు, రాత్రంత ఫోన్లే. అయితే ఉక్రెయిన్ అంటే అందరు గట్టిగ మాట్లాడుతరు, గాజా కాడికచ్చేసరికి గొంతు తగ్గుతది. జూన్ల కాల్పులు ఆపాలె అని యూఎన్ల ఓటు వెడితే 149 దేశాలు సరే అన్నయి, మనం తటస్థం. నిన్ననే రెండు దేశాల పరిష్కారం తీర్మానానికి 142 దేశాలతోని మనం గూడ అనుకూలంగ ఓటేసినం. గది మంచిగనిపించింది నాకు. గట్లనే అన్నిటికి ఒకటే తీరుగ ఉండాలె గద.

ఇంకోటి. రష్యాల హెల్పర్ నౌకరి అని చెప్పి మన పోరగాళ్ళను తోల్కపోయి తుపాకి చేతిల వెట్టిండ్రు. హైదరాబాద్ పిలగాడు ఒకడు 2024ల సచ్చిపోయిండు. సీబీఐ కేసు వెట్టింది, ఢిల్లీ అడిగింది, అయినా ఇంక పోతనే ఉన్నరు. మొన్న 11 నాడు గూడ మన విదేశాంగ శాఖ మళ్ళ చెప్పింది, పోవద్దు, ఉన్నోళ్ళను ఇడిసిపెట్టుండ్రి అని. దోస్తు దేశమంటే మన పోరగాళ్ళను గట్ల ముందల నిలవెడతదా? రామ్మోహన్ సారు గీ మాటకు జవాబు చెప్పాలె.

---

బాగ్‌లింగంపల్లి రామ్మోహన్
13 సెప్టెంబర్ 2025, సాయంత్రం 5:10

అంజన్నా, దానికి సమర్థన లేదు. స్నేహం పేరు చెప్పి దాన్ని మెల్లగా అడగటం కూడా సరికాదు. గట్టిగా అడగాలి. ఈ విషయంలో నేను నీతోనే ఉన్నాను.

---

హేమ_హ్యూస్టన్
14 సెప్టెంబర్ 2025, రాత్రి 8:40

మాస్టారూ, ఇక్కడి నుంచి కనిపించేది రాస్తాను. మాది భీమవరం, పెళ్ళై హ్యూస్టన్ వచ్చాను.

మేం సరుకులు కొనే పెద్ద స్టోర్లో ఫ్రీజర్ దగ్గర ఈ వారం ఒక్కో సంచి తిప్పి చూశాను. తోక ఉంచి తొక్క తీసిన రొయ్య, వెనకాల చిన్న అక్షరాల్లో ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా, ఫార్మ్ రెయిజ్డ్’ అని. ఆ పక్క వరస ఈక్వడార్. మన సంచి రేటు ఇంకా పెద్దగా మారలేదు. సుంకం రాకముందే దిగుమతిదార్లు సరుకు తెచ్చి నిల్వ పెట్టుకున్నారని ఈ వ్యాపారంలో ఉన్న మా బంధువు చెప్పాడు. ఆ నిల్వ అయ్యాక అసలు సంగతి తెలుస్తుంది. ఇక్కడి ఇల్లాలికి భీమవరమా ఈక్వడారా అన్నది పట్టదు, ఏది చవకైతే అది వేసుకుంటుంది. నాకు భయం అక్కడే. అరల్లో ఒకసారి వాళ్ళ సంచి కుదురుకుంటే, సుంకం తీసేసినా మన సంచి తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. మాకు గంట దూరంలో గాల్వెస్టన్ తీరం. అక్కడ సముద్రంలో వేటాడి రొయ్య పట్టేవాళ్ళలో చాలామంది వియత్నాం నుంచి 1975 తర్వాత వచ్చిన శరణార్థుల కుటుంబాలు. 1980ల మొదట్లో వాళ్ళ పడవల మీదికి కూ క్లక్స్ క్లాన్ మనుషులు వచ్చి బెదిరించారు. కోర్టుకెళ్ళి నిలబడ్డారు. ఇప్పుడు మన చవక రొయ్య వల్ల డీజిల్ ఖర్చు కూడా గిట్టడం లేదని పడవలు అమ్ముకుంటున్నారు. 2003 చివర్లో మన మీద యాంటీ డంపింగ్ కేసు వేసింది ఈ దక్షిణ రాష్ట్రాల రొయ్య వేటగాళ్ళే. రేవు దగ్గర ఒకావిడ నాతో మాట్లాడుతూ, ఈ సుంకాలు మాకు దేవుడిచ్చినట్టు ఉన్నాయి అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమెకు రష్యా చమురు సంగతే తెలియదు.

కోర్టు సంగతి: ఈ సుంకాల్లో చాలా భాగం చట్టవిరుద్ధమని ఆగస్టు 29న ఇక్కడి ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు 7-4తో తీర్పు ఇచ్చింది. అత్యవసర అధికారాల చట్టం అధ్యక్షుడికి ఇలాంటి సుంకాలు వేసే అధికారం ఇవ్వలేదంది. అయినా అమలు ఆపలేదు. సుప్రీం కోర్టు నవంబర్ మొదటి వారంలో వాదనలు వింటుంది. అక్కడా అదే తీర్పు వస్తే ఈ 50 శాతం పోవచ్చు. యాంటీ డంపింగ్, కౌంటర్‌వైలింగ్ సుంకాలు వేరే చట్టాలవి, అవి ఉంటాయి. ఆ తీర్పు మీద ఆశ పెట్టుకుని చెరువులో ఎక్కువ రొయ్య పిల్ల వదలొద్దని మా అన్నయ్యకు కూడా చెప్పాను.

---

లక్ష్మి_ఆకివీడు
15 సెప్టెంబర్ 2025, రాత్రి 9:55

రైతు గురించి అందరూ రాశారండి. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళ గురించి నేను రాస్తాను. ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను.

ఆగస్టు నెలంతా మాకు ఊపిరాడలేదు. 27వ తేదీకి ముందే ఓడ ఎక్కించాలని రెండు షిఫ్టులూ నింపేశారు. చల్లటి ఐసు నీళ్ళలో చేతులు పెట్టి తల తీయడం, తొక్క తీయడం, నరం లాగడం. గ్లౌజు వేసుకున్నా వేళ్ళు తెల్లగా పాలిపోయి ముడతలు పడిపోతాయి. మా వాళ్ళలో చాలామందికి కిలో లెక్కన కూలి. సరుకొస్తేనే డబ్బులు. సెప్టెంబర్ మొదలయ్యేసరికి బస్సు సగం ఖాళీగా వస్తోంది. రేపు రావద్దని సాయంత్రం ఫోన్లో చెప్పాల్సింది నేనే. ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయిలు కొందరు ఊరెళ్ళిపోయారు. మిగతావాళ్ళు డ్వాక్రా వాయిదా ఎలా కట్టాలని అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు.

పేపర్లో పడింది చూశాను, 25 వేల కోట్ల నష్టమని, ఆర్డర్లలో సగం రద్దయ్యాయని మన ముఖ్యమంత్రి గారు కేంద్రానికి రాశారట. రైతులకు అప్పు వాయిదా, ఎగుమతిదార్లకు వడ్డీ తగ్గింపు అంటున్నారు. తొక్క తీసే ఆవిడ అందులో ఎక్కడుందండి? ఆవిడకి చెరువు లేదు, లైసెన్సు లేదు, లోను ఫైలు లేదు. పని ఆగిన రోజు ఏదైనా ఇస్తారా అని అడిగే చోటు కూడా లేదు.

ఐరోపా వాళ్ళు ఇంకో 102 ప్లాంట్లకు అనుమతిచ్చారని మా మేనేజరు సంతోషంగా చెప్పాడు. కానీ వాళ్ళ పరీక్షలు గట్టివండి. మన సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లు ఆపి యాంటీబయాటిక్ ఉందేమో చూస్తారు. చెరువుల్లో మందులు వాడకుండా పెంచితేనే ఆ దారి తెరుచుకుంటుంది. మాస్టారు గారూ, ఇది మీరు రైతులకు గట్టిగా చెప్పాలి.

---

ఉండి మాస్టారు
16 సెప్టెంబర్ 2025, ఉదయం 6:30

లక్ష్మమ్మా, చెబుతాను. మా సంఘం సమావేశంలో ముందు అదే మాట పెడతాను. యాంటీబయాటిక్ వాడినవాడు తన ఒక్కడి చెరువునే కాదు, జిల్లా మొత్తం కంటైనర్లను తిప్పి పంపించే పని చేస్తున్నాడు.

మీరంతా రాసినవి చదివాక నా మనసులో మాట స్పష్టంగా చెబుతాను. విదేశాంగ విధానం ఏదైనా కావచ్చు, దాని వల్ల వచ్చే లాభం ఖజానాకూ కంపెనీలకూ పోయి, నష్టం మాత్రం కొన్ని జిల్లాల మీద, కొన్ని వృత్తుల మీద పడుతుంటే అది దేశం తీసుకున్న నిర్ణయం అనిపించుకోదు. దేశం తీసుకున్నదైతే దేశమే భరించాలి. 2022లో బంకు రేటు ఆపి కంపెనీలు నష్టం భరించాయని శ్రీధర్ గారు చెప్పారు. అంటే తలుచుకుంటే భరించే పద్ధతి ఉంది. తర్వాతి ఏడాదుల లాభంలో కొంత తీసి, సుంకం దెబ్బ తగిలిన రంగాల కోసం ఒక నిధి పెట్టమని అడగడం అన్యాయమేమీ కాదు.

ప్రణీతమ్మ మాట గురించి. నేను పిల్లలకు స్వాతంత్ర్యోద్యమం చెప్పినవాణ్ణి. బలమున్నవాడు బలహీనుడి గడ్డ మీదికి వచ్చి ఇది మాదే అనడం ఏమిటో మన తాతలకు తెలుసు. సమర్‌కండ్‌లో 2022 సెప్టెంబర్‌లో మన ప్రధాని పుతిన్ ఎదుటే ఇది యుద్ధాల కాలం కాదన్నారు. మంచి మాట. అదే మాటను ఐక్యరాజ్యసమితిలో ఓటుగా వేసి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. చమురు కొంటూనే ఆ ఓటు వేయవచ్చు. అమెరికా చెప్పిందని వేయాల్సిన అవసరం లేదు, అడక్కుండానే మనంతట మనం వేయాల్సిన ఓటు అది.

---

బాగ్‌లింగంపల్లి రామ్మోహన్
16 సెప్టెంబర్ 2025, ఉదయం 11:20

నిధి విషయంలో మాస్టారితో నూటికి నూరు పాళ్ళూ ఏకీభవిస్తాను. ఓటు విషయంలో ఇప్పటికీ ఒప్పుకోను. మన ఆయుధాల్లో సగానికి పైగా రష్యా మూలాలున్నవే, విడిభాగాలు వాళ్ళ దగ్గర నుంచే రావాలి. మేలో పాకిస్తాన్‌తో నాలుగు రోజులు ఏం జరిగిందో చూశాం, క్షిపణుల్ని అడ్డుకునే ఎస్-400 ఎవరిదో అందరికీ తెలుసు. 1956లో హంగరీ మీద సోవియట్ సేనలు పడ్డప్పుడు నెహ్రూ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితిలో సోవియట్లకు వ్యతిరేకంగా వచ్చిన తీర్మానాన్ని వ్యతిరేకించింది. అప్పుడూ ఇంట్లో పెద్ద గొడవే అయింది. పొరుగున చైనా, పాకిస్తాన్ ఉన్న దేశానికి ఓటు కూడా ఒక ఆయుధమే. దాన్ని ఎక్కడ వాడాలో చూసుకునే వాడాలి.

---

విశాఖ శ్రీధర్
17 సెప్టెంబర్ 2025, ఉదయం 8:05

నిధి గురించి ఒక ఆచరణ సమస్య. కేంద్రం ఇచ్చే సాయం ఎగుమతి సబ్సిడీ రూపంలో ఉంటే, అమెరికా దాన్నే సాక్ష్యంగా చూపి కౌంటర్‌వైలింగ్ సుంకం ఇంకా పెంచుతుంది. ఇప్పుడున్న 5.77 శాతం అలా వచ్చిందే. కాబట్టి ఎగుమతికి ముడిపెట్టకుండా అడగండి. పని ఆగిన రోజుల కూలి, పంట బీమా, కౌలు రైతుకు రుణ గడువు, దేశంలోపల రొయ్య అమ్మకానికి శీతల గిడ్డంగులు. మన దేశంలో వనామీ (చెరువుల్లో పెంచే రొయ్య రకం) తినేవాళ్ళు చాలా తక్కువ. హైదరాబాద్‌లో, విజయవాడలో శుభ్రం చేసిన రొయ్య పాల ప్యాకెట్‌లా వీధి కొట్లో దొరికితే, 100 కౌంటు సరుకుకైనా కొంత ఆసరా ఉంటుంది.

---

హేమ_హ్యూస్టన్
20 సెప్టెంబర్ 2025, ఉదయం 10:15

నిన్న రాత్రి నుంచి ఇక్కడ తెలుగు ఇళ్ళల్లో ఎవరూ నిద్రపోలేదు. కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన వచ్చింది. ఇండియాలో ఉన్నవాళ్ళు వెంటనే విమానం ఎక్కాలా వద్దా అని నాకే ఎన్నో ఫోన్లు. మాస్టారూ, మీ ప్రశ్నలో రొయ్య బదులు సాఫ్ట్‌వేర్ అని రాసుకున్నా సరిపోయే రోజు వచ్చింది. మీరు అర్జీ పంపుతుంటే నా పేరు కూడా చేర్చండి, ఓటు భీమవరంలో లేకపోయినా అమ్మానాన్నా అన్నయ్యా అక్కడే ఉన్నారు.

---

ఉండి మాస్టారు
20 సెప్టెంబర్ 2025, రాత్రి 9:30

అర్జీ రాశాను. మా ఎంపీ గారికి, కేంద్ర వాణిజ్య శాఖకు, రాష్ట్ర మత్స్యశాఖకు వెళుతుంది. శ్రీధర్ గారు చెప్పినట్టు ఎగుమతి సబ్సిడీ మాట తీసేశాను. పీలింగ్ షెడ్డు కార్మికులకు పని ఆగిన రోజుల కూలి అడగడం మొదటి అంశంగా పెట్టాను. రెండోది కౌలు రైతుల అప్పు గడువు. మూడోది ఆక్వా జనరేటర్లకు వాడే డీజిల్ మీద రాష్ట్రం వ్యాట్ తగ్గించాలని. జులై 24న సంతకమైన బ్రిటన్ ఒప్పందం త్వరగా అమల్లోకి తెమ్మని, అందులో రొయ్య మీద సుంకం పోతుంది కాబట్టి ఆ సంగతీ చేర్చాను. అంజన్న అడిగిన రష్యా సైన్యంలోని మన పిల్లల విషయం చివరి పేరాలో ఉంది. దానికి ఈ అర్జీలో చోటేమిటని మా అబ్బాయి అడిగాడు. ఉంటుంది, తీయను అన్నాను.

ప్రణీతమ్మ కోరిన వాక్యం కూడా ఉంచాను: చమురు ఎక్కడ కొన్నా, దాడి చేసినవాడిని దాడి చేసినవాడనే అనాలని. రామ్మోహన్ గారు దానికి ఒప్పుకోరని తెలుసు. ఆయన అభ్యంతరాన్ని ఆయన మాటల్లోనే కింద వేరే గమనికగా పెడతాను. సోమవారం పంపిస్తున్నాను. సంతకం పెట్టేవాళ్ళు రేపు సాయంత్రంలోగా పేరు, ఊరు ఇక్కడ రాయండి.

---

లక్ష్మి_ఆకివీడు
20 సెప్టెంబర్ 2025, రాత్రి 10:12

లక్ష్మి, ఆకివీడు. మా షెడ్డులో ఇంకా చాలామంది పెడతారండి, వాళ్ళ దగ్గర స్మార్ట్‌ఫోన్లు లేవు. కాగితం మీద పెట్టించి రేపు మధ్యాహ్నం ఉండికి తీసుకొస్తాను, మీరు ఇంట్లో ఉంటారా?